దోహాలో పంజాగుట్ట ట్రాఫిక్

దోహాలో ఉద్యోగం చేసిన నాలుగేళ్లూ పొద్దున ఏడింటికి గడ్డం గీసుకుంటూ ఫోన్‌లో హైదరాబాద్ రేడియో పెట్టేవాణ్ని. అక్కడ అప్పటికి తొమ్మిదిన్నర. పాటలొస్తే సౌండ్ తగ్గించేవాణ్ని. నాకు కావలసింది ట్రాఫిక్ కబురు. పదేళ్లు బైకు మీద తిరిగిన దారి మరి. పంజాగుట్ట చౌరస్తాలో బండ్లు ఆగిపోయాయంటే ఎందుకు ఆగాయో, మెట్రో పిల్లర్ పక్కన ఇడ్లీ బండి ఇంకా రోడ్డు మీదికే ఉందో లేదో తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకునేది. రేడియోవాళ్లు మాత్రం అసలు సంగతి చెప్పకుండానే ప్రకటనల్లోకి పోయేవారు. ఒళ్లు మండేది.

ఒకరోజు అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా జామ్ అన్నారు. ఇంకేముంది, గబగబా చొక్కా తొడుక్కుని, టిఫిన్ కూడా మానేసి బయల్దేరాను. ఖాళీ రోడ్డు మీద పావుగంటలో ఆఫీసు చేరాక గానీ నేను చేసిన పనేమిటో నాకు తెలిసిరాలేదు.

లోపల ఒక్కడే ఉన్నాడు, మాకు చాయ్ పెట్టే భాయ్. ఆయనదీ హైదరాబాదే, బోరబండ.

"ఏంది సార్, గింత జల్దీ వచ్చిన్రు?" అన్నాడు.

సిగ్గుపడుతూనే నిజం చెప్పాను. "పంజాగుట్టలో జామ్ అంటే, తొందరగా బయల్దేరాను భాయ్."

పగలబడి నవ్వుతాడనుకుంటే నవ్వలేదు. చెవిలోంచి ఇయర్‌ఫోన్ ఒకటి తీసి, "ఫికర్ చెయ్యకుండ్రి సార్, గిప్పుడే క్లియర్ అయిందట" అన్నాడు.