నాలుగు ఖాళీ గడులు

నా చిన్నప్పుడు మా హాస్టల్లో పాటలన్నీ ఒక ఇనుప ట్రంకు పెట్టెలో ఉండేవి. నిజామాబాద్‌లో మిషన్ వాళ్ళ ఆడపిల్లల హాస్టల్ అది. ఒకప్పుడు అక్కడ ఉన్న దొరసాని తన దేశం వెళ్ళిపోతూ సంగీతం కాగితాలన్నీ ఆ పెట్టెలో పెట్టి పోయిందట. నిలువు గీతలతో గడులు గడులుగా విడదీసిన అయిదేసి అడ్డగీతలు, వాటి మీద నువ్వులు చల్లినట్టు నల్లటి స్వరాలు. నలుగురు నాలుగు గొంతులతో పాడేవి, ఒక్కరే పాడేవి, వయొలిన్‌కు రాసినవి, ఎందుకు రాసినవో ఎవరికీ తెలియనివి కూడా ఉండేవి. తాళంచెవి మా పాటల టీచరమ్మ కొంగుకు ఉండేది. చెదలు పట్టకుండా ఆమె అందులో ఎండిన వేపాకు వేసేవారు. అందుకే మా హాస్టల్లో పాట అంటే నాకు ముందు వేపాకు వాసనే గుర్తొస్తుంది.

మా అవ్వ చనిపోయిన ఏడాది నన్ను అక్కడ చేర్పించారు. అమ్మను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ అనేవాళ్ళం. బాపుది బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పని. చెరుకు సీజన్ మొదలైతే పగలూ రాత్రీ షిఫ్టులే. పదేళ్ళ ఆడపిల్లను క్వార్టర్‌లో ఒక్కదాన్ని వదిలి పోలేక హాస్టల్లో వేశాడు. అవ్వ పోయాక బాపుకు ఒక కొత్త అలవాటు వచ్చింది. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయేవాడు. ‘గీ యేడు సలి శానా ఉన్నది’ అని కాసేపు ఊరుకుని, ఆ తరువాత తల ఊపి ‘అవ్, దుప్పటి తీయాలె’ అనేవాడు. మతిమరుపు అనుకునేదాన్ని. పదేళ్ళ పిల్లకు అంతకంటే ఏం తెలుస్తుంది!

హాస్టల్లో ఆదివారం మధ్యాహ్నాలంటే నాకు ఒళ్ళు మంట. అందరికీ ఎవరో ఒకరు వచ్చేవారు. సకినాల డబ్బాలు, పూసిన నూనె కారే జడలు, నవ్వులు. నేను పంపు దగ్గర గట్టు మీద కూర్చుని, ఉతికిన గౌనునే మళ్ళీ ఉతికేదాన్ని. ఎవరైనా ‘మీ వాళ్ళు రాలేదా’ అని అడిగితే పని ఉన్నట్టు ముఖం పెట్టేదాన్ని. నాది మొదటినుంచీ మొండి ముఖమే, నవ్వితే నవ్వండి.

క్రిస్మస్‌కు మాత్రం వస్తానని బాపు మాట ఇచ్చాడు. ఒక్కరోజు సెలవు అడిగి తీసుకుంటానన్నాడు. అప్పటినుంచి నాకు ఒకటే పట్టుదల. చర్చిలో నేను ఒక్కదాన్నే పాడాలి. ముప్పై మంది గుంపులో, అదీ వెనక వరుసలో నిలబడి పాడితే, బాపు నా గొంతును ఎట్లా గుర్తుపడతాడు? అంత దూరం నుంచి వచ్చి, ఎవరి పాటో విని పోతాడా?

భయపడుతూనే టీచరమ్మను అడిగాను. ఆమె కాదనలేదు. కానీ పాట ఇవ్వడానికి ఆమెకు ఒక పద్ధతి ఉండేది. ఏ పిల్లకూ తాను ఏరి ఇచ్చేవారు కాదు. పెట్టె తెరిచి ముందు పెట్టేవారు. పాట మొదలు చూసి మోసపోవద్దనీ, కాగితంలో అన్నిటికంటే పైనున్న స్వరాన్నీ అన్నిటికంటే కిందున్న స్వరాన్నీ వెతికి, ఆ రెండూ పాడి చూసుకోమనీ చెప్పేవారు. ఆ తరువాత ఊపిరి తీసుకునే చోట్లు లెక్కపెట్టుకోవాలి. ఈ మూడూ కుదిరితే ఆ పాట నీది. ఇక ఫిర్యాదులు చెల్లవు.

నేను మూడు రోజులు ఆ పెట్టె ముందు కూర్చున్నాను. నాలుగేసి వరుసలున్న కాగితాలన్నీ పక్కన పడేశాను. నాలుగు వరుసలంటే నలుగురు పాడేవి కదా. ఒక్కరు పాడేవాటిలో పై స్వరాలు నా గొంతుకు అందలేదు. చివరికి అడుగున ఒక కాగితం దొరికింది. అచ్చు వేసింది కాదు, ఎవరో నీలం సిరాతో చేత్తో రాసుకున్నది. ముద్దు ముద్దుగా ఉన్న చేతిరాత. మొదటినుంచి చివరిదాకా ఒకే ఒక్క వరుస. పైస్వరం అందింది, కిందిస్వరం అందింది, ఊపిరికి కావలసినంత చోటుంది. ఒక్క వరుస ఉందంటే ఒక్కరి పాటే! ఇంత తెలివి నాకొక్కదానికే ఉందని పొంగిపోయాను.

టీచరమ్మ ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు. ఇంకోటి చూసుకుంటావా అని ఒక్కసారి అడిగారు. ఇదే కావాలన్నాను. ‘మంచిది, నేర్చుకో’ అని తిరిగి ఇచ్చేశారు. ఇస్తున్నప్పుడు ఆమె చేయి కాగితాన్ని వెంటనే వదలలేదు.

ఆ పాట నన్ను పెట్టిన తిప్పలు అన్నీ ఇన్నీ కావు. మొదట్లోనే నాలుగు ఖాళీ గడులు. అంటే నాలుగు గడుల సేపు నోరు మూసుకుని మనసులో లెక్కపెట్టాలి. తరువాత ఒకే స్వరం పట్టుకుని నిలబడాలి. ఇక పైకి పోతుందిలే అనుకున్నచోట కిందికి దిగేది. మధ్య మధ్య మళ్ళీ ఖాళీ గడులు. చివర కూడా చివరలా ఉండేది కాదు, ఎక్కడో మెట్టు మధ్యలో వదిలేసినట్టు ఉండేది. పంపు దగ్గర సాధన చేస్తుంటే జక్రాన్‌పల్లి నుంచి వచ్చిన ఒక పిల్ల పక్కవాళ్ళతో ‘గిది పాటనా, బాయిల గిరక సప్పుడా?’ అంది. అందరూ పళ్ళికిలించారు. దానికంటే నాకు బాధ కలిగించిందేమిటంటే, అది నిజమే అనిపించడం. బాపు సెలవు పెట్టుకుని వచ్చి వినేది ఈ బావి గిరక చప్పుడా?

రెండు వారాలు ఓర్చుకుని, ఒక సాయంత్రం ఏడుస్తూ టీచరమ్మ దగ్గరికి పోయి కాగితం ఆమె ముందు పడేశాను. మార్చమన్నాను. ఆమె కోప్పడలేదు. మొత్తం వచ్చిందా అని అడిగారు. వచ్చిందన్నాను. హార్మోనియం ముందు కూర్చుని, ‘నీది నువ్వు పాడు. ఏమైనా గానీ ఆగకు’ అన్నారు.

నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఒకటి అనేలోపే ఆమె గొంతు ఎత్తుకున్నారు. నా నాలుగు ఖాళీ గడుల్లో అంత పాట ఉందని నాకేం తెలుసు! అది పైకి పోయి, చుట్టి, కిందికి వచ్చి సరిగ్గా నా స్వరం దగ్గర ఆగింది. నేను అందుకున్నాను. నేను కదలకుండా నిలబడ్డచోటల్లా ఆ గొంతు నా మీద ఆనుకుని నడిచింది. నేను దిగినచోట ఆమె ఎక్కారు. సగానికి వచ్చేసరికి నేను పాడడం మాని ఆమె గొంతే వింటూ నిలబడ్డాను. ఆగవద్దని చెప్పినా ఆగిపోయాను. అవ్వ పోయిన తరువాత ఎవరైనా నా పక్కన అంత దగ్గరగా ఉన్నట్టు అనిపించడం అదే మొదలు.

అప్పుడు చెప్పారు టీచరమ్మ. అది ఇద్దరి పాట. పుస్తకం ఒక్కటే ఉండడంతో వాళ్ళ అక్క తన గొంతు వరకు విడిగా రాసుకుందట. ఆ అక్క పెళ్ళయి పర్భణీ దిక్కు పోయి పదకొండేళ్ళు, మళ్ళీ ఇటు రాలేదు. ‘నువ్వు తప్పు కాగితం తీసినవని నాకు అప్పుడే ఎర్కే. చెప్పాల్సింది. చెప్పలే. ఒక్కసారన్నా ఎవరితోనన్న పాడుకుందామని ఆశపడ్డ బిడ్డా’ అన్నారు. పెద్దవాళ్ళు పిల్లల ముందు అట్లా తప్పు ఒప్పుకోవడం నేను అంతకుముందు చూడలేదు. ఇంకా పది రోజులున్నాయనీ, కావాలంటే నేనొక్కదాన్నే పాడే చిన్న పాట నేర్పిస్తాననీ అన్నారు. నాకు బాపు గుర్తొచ్చాడు. ఒక్కదాన్నే పాడాలన్న పట్టుదలా గుర్తొచ్చింది. అయినా ఆ కాగితాన్ని మళ్ళీ తీసుకున్నాను.

క్రిస్మస్ నాడు ఇద్దరం పాడాం. నా కళ్ళు చర్చి తలుపు మీదే. బాపు రాలేదు. జోడీగా పనిచేసే అతను జ్వరంతో పడ్డాడనీ, బాయిలర్ వదిలి రాలేకపోయాననీ తరువాత కార్డు రాయించి పంపాడు. అందరూ బాగుందన్నారు. నాకు ఏడుపు కంటే కోపమే ఎక్కువ వచ్చింది. ఆ కార్డును చదివి ముక్కలు చేశాను. ఆ పని ఎందుకు చేశానా అని ఇప్పటికీ కుమిలిపోతుంటాను.

ఎండాకాలం సెలవుల్లో ఇంటికి పోయాను. సీజన్ అయిపోయింది, ఫ్యాక్టరీ పొగగొట్టం ఊరికే నిలబడి ఉంది. సాయంత్రం క్వార్టర్ ముందు మంచం మీద కూర్చుని, క్రిస్మస్‌కు పాడిన పాట పాడమని బాపు అడిగాడు. ఇంకా కోపం పోలేదు నాకు. పైగా టీచరమ్మ లేకుండా అది గిరక చప్పుడే. అయినా పాడాను. ఖాళీ గడుల దగ్గర ఆగి, మనసులో లెక్కపెడుతూ, నా వంతు మాత్రమే పాడాను. బాపు నవ్వలేదు.

‘ఇంకో గొంతు ఉండాలె గదా బిడ్డా, దీనికి?’ అన్నాడు.

సంగీతం కాగితం ఎట్లా ఉంటుందో కూడా తెలియని మనిషి. ఎట్లా తెలిసిందని అడిగాను.

‘నువ్వు ఆగిన కాడల్ల ఎవరికో జాగ ఇస్తున్నవ్. మీ అవ్వ పోయినంక నేను గూడ గట్లనే మాట్లాడుతున్న గదా’ అన్నాడు.

ఆ రోజు బాపు ఒళ్ళో తలపెట్టుకుని ఎంతసేపు ఏడ్చానో! మతిమరుపు అట, మతిమరుపు. ‘అవ్, దుప్పటి తీయాలె’ అనేముందు ఊరుకున్న ఆ కాసేపట్లో ఆయన ఎవరి మాట వింటున్నాడో నాకు అప్పటికి గానీ అర్థం కాలేదు.

ఇప్పుడు బాపు లేడు. టీచరమ్మా లేరు. నీలం సిరా వెలిసిపోయిన ఆ కాగితం మాత్రం నా దగ్గరే ఉంది. పై గొంతు రాసిన పుస్తకం ఏమైందో తెలియదు. పొద్దున్నే పొయ్యి ముందు నిలబడి టీ పెట్టుకుంటూ ఆ పాట అందుకుంటాను. కిటికీలోంచి విన్నవాళ్ళు ముసలామెకు పాట సగమే గుర్తుందని అనుకుంటారేమో, అనుకోనీ. నేను ఒక్క గడి కూడా ఎగరగొట్టను. ఒకటి, రెండు, మూడు, నాలుగు దాకా పోయిన నావాళ్ళను పాడనిచ్చి, అప్పుడు నాది మొదలుపెడతాను.