గిన్నెలో అన్నం, మీద పెద్దకూర

బొగ్గు పెళ్ల విరిగిపడి మా ఆయన దవడ పగిలిన ఏడాది, మా ఇంట్లో ఆయనకు వంట అంటే జావే. దవాఖానలో దవడకు కట్టిన తీగలు విప్పేసి, ఎముక అతుక్కుంది, ఇక మెల్లగా అన్నం తినమని డాక్టరు చెప్పాడు. నెలాఖరుకు మళ్లీ రమ్మన్నాడు. అప్పటికి ఒంట్లో బలం కనిపిస్తే ఫిట్టు రాస్తాడు, బాయిలోకి దిగనిస్తారు. మా గోదావరిఖనిలో బొగ్గు గనిని బాయే అంటాం. బలం లేకపోతే అన్‌ఫిట్టు. అదయితే పని పోతుంది, ఉంటున్న క్వార్టరూ పోతుంది.

ఆయన మాత్రం జావ దాటి రాలేదు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని, ఒక పక్క పళ్లు లేవు కనుక అటూ ఇటూ తిప్పి, చాటుగా తీసి పళ్లెం అంచున పెట్టేవాడు. పెదవి వంకర పోయిన వైపు నుంచి మెతుకులు జారేవి. అత్తమ్మ చూసి కూడా చూడనట్టు తల తిప్పుకునేది. మెడ దగ్గర ఎముకలు తేలుతుంటే చూడలేక, ఈయనకు బలం ఇయ్యి తండ్రీ అని పొద్దున్నా సాయంత్రం ఒకటే ప్రార్థన చేసేదాన్ని.

మా చర్చిలో ఆడవాళ్ల కూడికకు మిషను దవాఖాన నుంచి ఒక దొరసాని నర్సమ్మ వచ్చేది. ఇక్కడికి రాకముందు, యుద్ధం ముగిసిన రోజుల్లో ఆమె కొరియా దేశంలో పనిచేసిందట. పుస్తకం చదివినట్టు తెలుగు మాట్లాడేది. నా గోడు విని, ఆ దేశంలో ఇళ్లలో చేసుకునే వంట ఒకటి చెప్పింది. పెద్దకూరను, అదే గొడ్డు మాంసాన్ని, కాగితమంత పలచగా, కండ పోగుకు అడ్డంగా కోయాలి. బెల్లం, వెల్లుల్లి, అల్లం, మిరియాలు దంచి, నువ్వుల నూనె కలిపి నానబెట్టాలి. అక్కడ నల్లటి ఉప్పు రసం ఒకటి పోస్తారట. అది మనకు దొరకదు గనుక ఉప్పు చాలు. బాగా కాలిన మూకుట్లో గబగబా వేయించి, గిన్నెలో మెత్తటి అన్నం పెట్టి దాని మీద వేయాలి. గిన్నె చేతిలో పట్టుకుని నోటి దగ్గరకు తెచ్చుకుంటే మెతుకులు జారినా అందులోనే పడతాయి, ఎవరికీ కనబడవు అంది. ఆయన మనసు గురించి ఆలోచించిన మనిషి ఆమె ఒక్కతే. ఇప్పటికీ ఆమెను తలుచుకుని దేవునికి స్తోత్రం చెబుతాను.

అత్తమ్మకు చెబితే ముక్కు మీద వేలేసుకుంది.

"కూరల బెల్లమా? గది కూరనా, పాశమా పిల్లా?"

అయినా కొడుకు కోసం కత్తిపీట ముందు నా పక్కనే కూర్చుంది. మా పక్క క్వార్టరులో మంథని నుంచి వచ్చిన గుమాస్తా కుటుంబం ఉండేది. వాళ్లకు ఆ వాసన పడదు. అందుకని మేము వెనక వాకిట్లోనే బొగ్గుల పొయ్యి పెట్టుకునేవాళ్లం. గాలి అటు తిరిగితే ఆ ఇల్లాలు లేచి కిటికీ మూసుకునేది తప్ప ఏనాడూ ఒక్క మాట అనలేదు. అదీ నాకు మేలే.

మొదటి ఆదివారం కూర పాడైంది. పాడుచేసింది మా చేతులే. వానాకాలానికి తునకలు ఎండబెట్టుకోవడం మా ఇళ్లలో అందరికీ అలవాటు. కండ పోగు వెంట నిలువుగా, పట్టీల్లా కోసి, ఉప్పూ పసుపూ రాసి దండెం మీద ఆరేస్తాం. నిలువుగా కోస్తేనే తెగిపోకుండా వేలాడుతాయి. అడ్డంగా అని నర్సమ్మ అన్నది నాకు గుర్తుంది. కానీ కత్తిపీట ముందు కూర్చున్నాక చేయి తనకు తెలిసిన దారినే పోయింది. అత్తమ్మ చేయీ అంతే. వేయించాక అవి తాడు ముక్కలయ్యాయి. ఆయన నమిలి నమిలి, దవడ పట్టుకుని, గిన్నె కింద పెట్టి లేచిపోయాడు.

మిగిలిన ముక్క ఒకటి చేతిలోకి తీసుకుని లాగి చూశాను. నిలువుగా లాగితే సాగింది గానీ తెగలేదు. అడ్డంగా విరిస్తే పోగులు పోగులుగా విడిపోయింది. తప్పు ఎక్కడో అప్పుడు తెలిసింది.

తర్వాతి ఆదివారం ఒక్కదాన్నే కోశాను. నాలుగు ముక్కలు కోయగానే, పోగుకు అడ్డంగానే పడుతున్నాయా అని కండను తిప్పి చూసుకున్నాను. మూకుట్లో వేయగానే బెల్లం మాడిన కమ్మటి వాసన వచ్చింది. అత్తమ్మ అడగకుండానే ఒక ముక్క నోట్లో వేసుకుని, ఇంకొకటి తీసుకుంది.

ఆయన గిన్నె చేతిలోకి తీసుకుని చెంచాతో తిన్నాడు. నములుతున్నాడు, మింగుతున్నాడు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. సగం అయ్యాక చెంచా ఆగిపోయింది.

"నొప్పైతుందా?" అన్నాను.

"నొప్పి లేదు. మెత్తగనే ఉంది."

"మరేంది?"

గిన్నెలోకే చూస్తూ అన్నాడు. "గిట్ల తింటె బలమొస్తది. బలమొస్తె మల్ల దిగుమంటరు గద."

లోపలి నుంచి అత్తమ్మ వచ్చింది. "మొగోనివి, భయమేందిరా? ఊరంత దిగుతలేరా?"

"దిగుతరవ్వా. నెత్తి మీద బండ పలుకుడు ఇన్నది నేను."

కూలే ముందు పైకప్పు బండ చిటపటమంటుంది, బాయిలో దాన్నే బండ పలకడం అంటారు. దవడ అనుకున్నాను, పళ్లు అనుకున్నాను, సిగ్గు అనుకున్నాను. ఇన్నాళ్లూ బలం కావాలని నేను వేడుకుంటుంటే, ఆ బలమే రాకూడదని ఆయన కడుపు మాడ్చుకుంటున్నాడు. మరి నా ప్రార్థన ఆయనకు మేలు కోరినట్టా, కీడు కోరినట్టా? తినిపిస్తే ఆ చీకట్లోకి పంపినట్టు. తినిపించకపోతే కళ్ల ముందే పోగొట్టుకున్నట్టు. దేవుణ్ణి ఏమని అడగాలో ఆ పూట నాకు తెలియలేదు.

కాసేపటికి ఆయన పక్కన కూర్చున్నాను.

"తినుడైతే తిను. భయమైతుందని డాక్టరుకే చెప్పు. కడుపు మాడ్చుకోని కాదు, నోరు తెరిచి చెప్పు."

"నవ్వుతరు."

"నవ్వనీ."

ఆయన చెంచా మళ్లీ ఎత్తాడు. మిగిలిన సగమూ తిన్నాడు. ఆ నెలంతా దొరికినప్పుడల్లా అదే వండాను. దొరకని రోజు గుడ్డు కొట్టి అన్నం మీద వేశాను. చెంపలు కాస్త నిండాయి. నిండుతుంటే సంతోషమూ, భయమూ రెండూ ఉండేవి.

నెలాఖరున నన్నూ వెంట రమ్మన్నాడు. డాక్టరు ముందు బల్ల, మా వెనక వరుసగా బాయి మనుషులు. డాక్టరు దవడ నొక్కి చూసి, నొప్పి ఉందా అని అడిగాడు. ఉందని ఒక్క అబద్ధం చెబితే ఇంకొన్నాళ్లు గడిచిపోయేది.

"నొప్పి లేదు సార్. తింటున్న. బాయిలకు దిగాల్నంటె భయమైతుంది."

వెనక వరుసలో నవ్వు లేచింది. ఆయనతో పనిచేసినవాడే ఒకడు, "బావా, గాజులు తేవాల్నా?" అన్నాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి కానీ వెనక్కి తిరగలేదు. భయానికి మందు లేదయ్యా అని డాక్టరు కసిరాడు. తర్వాత తలెత్తి ఆ వంకర పెదవి వైపు కాసేపు చూశాడు. కొన్నాళ్లు పైనే పని చెయ్యి, మళ్లీ వచ్చి కనిపించు అని రాసిచ్చాడు.

బొగ్గు జల్లెడ పట్టే చోట వేశారు. అక్కడ దుమ్ము, ఎండ, వచ్చేపోయే వాళ్ల ఎకసెక్కాలు. పని నిలిచింది, క్వార్టరు నిలిచింది, మనిషి నిలిచాడు. అందుకు నేను స్తోత్రం చెప్పని రోజు లేదు. కానీ అది అంతటితో తీరలేదు. డాక్టరు రమ్మన్నప్పుడల్లా పోవాలి. కొత్త డాక్టరు వస్తే మొదటి నుంచి చెప్పాలి. అదే మాట, అదే వరుస ముందు, మళ్లీ పైకి అనాలి. ప్రతిసారీ నేను వెంట నడిచేదాన్ని. ఆయన చెప్పడం అయ్యేదాకా ఆ బల్ల పక్కనే నిలబడేదాన్ని.