నేను ఎక్కని దీపస్తంభం

ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట ఒకటి చెబుతాను. నా డైరీలో పదేళ్ల కిందటి పేజీలు తీస్తే, నేను ఇంగ్లండులో ప్లిమత్ అనే రేవుపట్నానికి వెళ్లి దీపస్తంభం ఎక్కినట్టూ, గాలికి పైట నిలవక రెండు చేతులా పట్టుకుని కింద ఓడల్ని చూసినట్టూ నా చేతిరాతతోనే ఉంటుంది. నేను ధవళేశ్వరంలో పుట్టి, అటు రాజమండ్రి, ఒక్కసారి కాకినాడ తప్ప వేరే ఊరు ఎరగనిదాన్ని. ఆ దీపస్తంభం ఎక్కింది మా పెద్దమ్మ కూతురు, మా అక్క. నిన్న చెదలు పట్టిందేమోనని పెట్టె దులుపుతుంటే ఆ డైరీ బయటపడింది. మొన్న సోమవారం అక్క నాకిచ్చి వెళ్లిన పాత ఉత్తరాల కట్టను దాని పక్కన పెట్టి చూసుకున్నాక, ఇక దాచుకోలేకపోయాను.

ఆ రోజుల్లో పెద్దమ్మ ఆనకట్ట ఇంజనీరు దొరగారి బంగళాలో బట్టలు ఇస్త్రీ చేసేది. మా నాన్న మిషను బడిలో పంతులు కావడంతో నాకు ఇంట్లోనే ఇంగ్లీషు అబ్బింది. బంగళాలో అట్టలూడిన పుస్తకాలు పారేస్తే పెద్దమ్మ కొంగులో చుట్టి తెచ్చేది, నేను ధాన్యం గాదె వెనక కూర్చుని, ఎవరైనా పిలిచినా పలక్కుండా చదువుకునేదాన్ని. దొరగారు ఏడాది సెలవు మీద సొంత ఊరు ప్లిమత్ వెళ్తున్నారనీ, ఇద్దరు పిల్లల్ని చూసుకోవడానికి ఒక ఆడపిల్ల కావాలనీ తెలిసినప్పుడు, అది నాకోసమే వచ్చిన పని అనుకున్నాను. వారం రోజులు గోడకేసి చూస్తూ ఇంగ్లీషు వాక్యాలు వల్లించాను. దొరసానిగారు నన్నూ అక్కనూ వరండాలో నిలబెట్టి, వస్తావా అని ముందు నన్నే అడిగారు. నేను నా కాలివేళ్ల వంక చూస్తూ ఉండిపోయాను. అక్కకు వచ్చిన ఇంగ్లీషు మాటలు మూడో నాలుగో, అవీ తప్పులే, కానీ ఏడుస్తున్న చిన్నపిల్లను తీసి చంకన వేసుకుంది. ఆ పిల్ల ఏడుపు ఆపింది. అంతటితో మాట ఖాయమైంది. అప్పుడు అక్కకు పద్దెనిమిది, నాకు పదహారు. ఇంటికి నడిచి వస్తున్నంత సేపూ నా కోపం పెగలని నా నోటి మీద కాదు, అక్క మీద.

ఆమె వెళ్లాక నెలకో ఉత్తరం వచ్చేది. పెద్దమ్మకు చదువు రాదు కనక ఆదివారం ప్రార్థన అయ్యాక ఆమె అరుగు మీద ఇరుగుపొరుగు ఆడవాళ్లంతా కూర్చుంటే నేను పైకి చదివేదాన్ని. మొదటి ఉత్తరం అక్షరం పొల్లుపోకుండా చదివాను. ఆ దీపస్తంభం మొదట సముద్రం నడుమ ఒక రాతి మీద ఉండేదట, అడుగున రాతిని అలలు తొలిచేస్తుంటే, దాన్ని రాయి రాయిగా విప్పి తెచ్చి ఊళ్లో సముద్రానికి ఎదురుగా ఎత్తైన మెరక మీద మళ్లీ కట్టారట. ఆ మాట విని, ఏటేటా సముద్రం ఇళ్లను కోసుకుపోయే ఉప్పాడ నుంచి కోడలిగా వచ్చినామె, "ఆళ్లని మా ఊరు కూడా పంపమని రాయవే అమ్మా! మా ఇళ్లు ఇప్పి కాస్త ఎనక్కి పెట్టి పోతారు," అంది. పెద్దమ్మ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. ఎంత బాగా రాసిందో అని అందరూ అక్కనే మెచ్చుకున్నారు. ఎంత బాగా చదివావని ఒక్కరూ అనలేదు సరిగదా, "నువ్వెళ్లుంటే మాకీ కబుర్లుండేవా? నీ నోట్లోంచి ముత్యాలు రాలవుగా!" అని ఆ ఉప్పాడ ఆమే నా గడ్డం పుణికింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వినట్టే ముఖం పెట్టాను.

రెండో ఉత్తరంలో ఇలా ఉంది. ఇక్కడ ఊరందరి కోసం ఒక పుస్తకాల మేడ ఉంది, ఆడవాళ్లు కూడా వచ్చి కుర్చీలో కూర్చుని, కావలసిన పుస్తకం అడిగి చదువుకోవచ్చు, దొరసానిగారు నన్ను తీసుకెళ్లారు, నాకు కూర్చున్న కాసేపటికే ఆవులింతలు వచ్చాయి, చెల్లి గుర్తొచ్చింది. కాగితం మీద నా కళ్లు అక్కడే ఆగిపోయాయి. నేను ప్రాణమిచ్చేచోట ఆమెకు ఆవులింతలు! చదవమని పెద్దమ్మ తొందరపెడితే, ఆ భాగమంతా దాటేసి, కింద ఉన్న ఒక్క వాక్యం చదివాను. ఇక్కడ ఎప్పుడూ వానే, ఎండ మొహం చూసి పది రోజులైంది.

అప్పటినుంచి అదే అలవాటైంది. వాన, మంచు, చలికి వాచిన వేళ్లు, ఉప్పూ కారం లేని చేపల కూర, ఇవి మాత్రమే పైకి చదివేదాన్ని. సముద్రపు గట్టు మీద సాయంత్రాలు వాయించే బ్యాండూ, గోడల నిండా పటాలున్న పెద్ద హాలూ, పూర్వం కొత్త దేశాలు వెతుక్కుంటూ జనం ఓడలెక్కిన పాత రాతిమెట్లూ నా ఇంటికి వచ్చేవి. జవాబు రాయాలని ఉత్తరం ఇంటికి తెచ్చుకుని, వాటిని డైరీలోకి ఎక్కించుకున్నాకే పెద్దమ్మకు తిరిగి ఇచ్చేదాన్ని. అక్క రాసిన 'నేను'ను 'నేను'గానే ఉంచాను. లేని మాట ఒక్కటీ కలపలేదు కదా అని నన్ను నేను సమాధానపరచుకునేదాన్ని.

పెద్దమ్మ నవ్వడం మానేసింది. కంచంలో సగం అన్నం వదిలేసి లేచేది. నాకు తెలుస్తూనే ఉంది, అయినా వచ్చే ఆదివారం మళ్లీ వానే చదివేదాన్ని.

ఎనిమిదో నెలలో వచ్చిన ఉత్తరం మాత్రం మొత్తం చదివాను. దొరసానిగారి చెల్లెలు అక్కడి ఆసుపత్రిలో పెద్ద నర్సు అట, అక్కను రెండేళ్లు తన దగ్గర ఉంచుకుని ఆ పని నేర్పిస్తానన్నదట. నాకు ఉండాలనే ఉంది, అమ్మ సరేనంటే ఉంటాను, లేకపోతే దొరగారి వాళ్లతోనే వచ్చేస్తాను, అని రాసింది. నేను చదవడం ముగించకముందే పెద్దమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. "వద్దే తల్లీ! వచ్చెయ్యమని రాయి. ఆ వానలో నా పిల్ల సచ్చిపోద్ది," అంది. అక్క అంత ముచ్చటగా రాసిన ఊరు అలాంటిది కాదని చెప్పడానికి అదొక్కటే సమయం. దొరసాని ముందు మూసుకుపోయిన నోరే మళ్లీ మూసుకుపోయింది, కానీ ఈసారి సిగ్గుతో కాదు. ఆ పుస్తకాల మేడ ఉన్న ఊళ్లో ఆమె ఇంకో రెండేళ్లు ఉండటం నాకు ఇష్టం లేదు. పెద్దమ్మ చెప్పినట్టే, గుండ్రని అక్షరాలతో, వచ్చెయ్యమని రాశాను.

అక్క వచ్చింది. అరుగు మీద ఆడవాళ్లంతా చుట్టూ చేరి, "పాపం, వానలో నాని పోయావంటగా, నీ ఉత్తరాల్లో అదే గోల!" అన్నారు. అక్క ఒక్క క్షణం తెల్లబోయి నా వంక చూసింది. నేను కాలివేళ్లు చూసుకున్నాను. "అవునండీ, ఒకటే వాన," అంది అక్క నెమ్మదిగా.

పదేళ్లూ ఆమె నన్ను తిడుతుందని ఎదురుచూశాను. తిట్టలేదు. ఒక కాంపౌండరును పెళ్లి చేసుకుని ఈ ఊళ్లోనే కాపురం పెట్టింది. పోయిన ఏడు పెద్దమ్మ చనిపోయింది. ఇప్పుడు అక్క భర్తకు రంగూన్ ఆసుపత్రిలో పని దొరికి, కాకినాడలో ఓడెక్కడానికి ఇద్దరూ కాలువ పడవలో బయలుదేరారు. ఇప్పుడు ఆదివారాలు ఆ అరుగు మీద ఎవరూ కూర్చోరు. మా వీధి ఆడపిల్లలంతా చదువుకున్నారు, ఎవరి ఉత్తరం వాళ్లే మూలకు పోయి చదువుకుంటారు. నాన్న బడిలో చదివిన పిల్ల ఒకతె నర్సు పని నేర్చుకోవడానికి ఒంటరిగా మద్రాసు వెళ్లింది, వద్దని రాయడానికి ఎవరూ లేరు. మంచి కాలమే. ఒకరి బతుకు మరొకరి గొంతులోంచి వినవలసిన రోజులు పోయాయి. అయినా ఆ అరుగు ఖాళీగా కనిపిస్తే నాకు దిగులుగానే ఉంటుంది.

సోమవారం కాలువ లాకుల దగ్గరికి సాగనంపడానికి వెళ్లాను. లాకు వెనక తలుపులు మూసి, లోపలి నీళ్లను ముందువైపు పల్లపు కాలువలోకి వదులుతుంటే పడవ కొంచెం కొంచెంగా కిందికి దిగుతోంది, అక్క ముఖం గట్టు మీదున్న నా మోకాళ్ల దాకా వచ్చింది. అప్పుడు ఒళ్లోంచి ఆ కట్ట తీసి పైకి అందించింది. నేను వంగి అందుకున్నాను.

"ఇవి అమ్మ పెట్టెలో దొరికాయే. నీ దగ్గరుంచు, ఎవరైనా వింటామంటే చదువు," అంది. ముందు తలుపులు తెరుచుకుని పడవ కదులుతుంటే, చేయి నోటికి అడ్డం పెట్టుకుని మళ్లీ గట్టిగా కేకేసింది. "ఈసారి ఏమీ వదలకుండా చదవ్వే, చెల్లీ!"