గేటు ముందు కూర్చున్న చిన్నాయన

పోయిన వారం చేవెళ్ల వెళ్తుంటే మొయినాబాద్ దాటగానే మా బస్సు ఆగిపోయింది. రోడ్డు పనులట. ముందుకు కదలదు, వెనక్కి తిరగదు. కిటికీకి ఆనుకున్నట్టే ఒక ఫామ్‌హౌస్ ప్రహరీ, దానిపైన ముళ్ల కంచె, కంచె నిండా కాగితం పూలు. చూసేవాళ్లకు అందంగానే ఉంటుంది. నాకు మాత్రం అటు చూడబుద్ధి కాలేదు. పెళ్లికి ముందు కొన్నేళ్లు నేను అలాంటి గోడల నడుమే బతికాను. ఆ రోజులు గుర్తొస్తే మా చిన్నాయన గుర్తు రాకుండా ఉండడు.

చిన్నాయన అంటే మా బాపు తమ్ముడు. చేవెళ్ల కూరగాయల మార్కెట్లో హమాలీ. ఇద్దరు పట్టుకుని ఎత్తే బస్తాను ఒక్కడే భుజానికెత్తుకుని, దారిలో ఎవరైనా పలకరిస్తే నిలబడి మాట్లాడేవాడు, బస్తా దించకుండానే. బలంతో పాటు కోపమూ ఉండేది. వయసులో ఉన్నప్పుడు మార్కెట్లో ఎవరో మా నాయనమ్మను ఒక మాట అన్నారని అతని చెయ్యి విరగ్గొట్టి ఠాణాలో కూర్చుని వచ్చాడు. ఆ తర్వాతే మందిరానికి రావడం మొదలుపెట్టి బాప్తిస్మం తీసుకున్నాడు. ప్లాస్టిక్ కుర్చీలు ఆయన బరువుకు విరుగుతున్నాయని పాస్టర్‌గారు తన ఇంటి బెంచీ తెచ్చి వేయించారు. ప్రభువు బల్ల నాడు ద్రాక్షరసం ఇచ్చే ఆ చిన్న గిన్నె ఆయన వేళ్ల మధ్య కనపడేదే కాదు. ప్రతి ఆదివారం ఆయన ప్రార్థన ఒక్కటే: "తండ్రీ, బలమైతే ఇచ్చినవ్. జర బుద్ధి గూడ ఇయ్యి." మేము పిల్లలం ముసిముసిగా నవ్వుకునేవాళ్లం. ఆయన మాత్రం కళ్లు గట్టిగా మూసుకుని, నిజంగానే అడిగేవాడు.

మావి అయిదిళ్లు, నడుమ రేకుల కప్పుతో చిన్న ప్రార్థన మందిరం. చుట్టూ ఉన్న చేన్లు ఒక్కొక్కటీ అమ్ముడుపోయి ఫామ్‌హౌస్‌లయ్యాయి. మొదట వెనకాల గోడ లేచింది, తర్వాత రెండు పక్కలా. చివరికి రోడ్డుకు వెళ్లే తొవ్వ కూడా తన భూమిలోదేనని ఒక యజమాని ఇనుప గేటు పెట్టించి, స్తంభానికి కెమెరా బిగించాడు. పొద్దున వాచ్‌మన్ తాళం తీస్తే బయటికి, సాయంత్రం వేసేలోపు లోపలికి. కాలేజీ నుంచి ఆలస్యమైతే గేటు బయట నిలబడి పిలవాల్సిందే. మా ఇంటికి పోవడానికి ఇంకొకరిని బతిమాలుకోవాలి. చుట్టాలు రావడం తగ్గించారు. "ఒక్క ఇటుక కదిలినా కేసు పెడతా" అని యజమాని ముందే చెప్పిపోయాడు. చిన్నాయన పాత ఠాణా సంగతి అతని చెవిన కూడా పడిందని అందరికీ తెలుసు.

ఒక ఆదివారం ఆరాధన ముగిసే వేళకు నాయనమ్మ గుండె పట్టుకుని పక్కకు ఒరిగిపోయింది. పెదవులు నల్లబడ్డాయి. పరుగెత్తుకుని వెళ్తే గేటుకు గొలుసు, గొలుసుకు తాళం. వాచ్‌మన్ ఆ రోజు పగలే తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని ఎటో పోయాడు. ఫోన్ ఎత్తడు. పట్టపగలు మందిరం నిండా జనం, అందరం లోపలే. కుర్రవాళ్లు గడ్డపారలు తెచ్చారు. "పలగ్గొట్టు చిన్నాయన, ఇంకేం చూస్తున్నవ్" అని ఒకడు అరిచాడు. చిన్నాయన గేటు మీద చెయ్యి వేసి తల వంచుకుని నిలబడ్డాడు. తర్వాత, "గడ్డపార కింద పెట్టుండ్రి. ఏదీ పలగొద్దు" అన్నాడు. కూర్చున్నట్టు వంగి, గేటు రెక్క కింద రెండు చేతులూ పెట్టి లేపాడు. మెడ నరాలు తాళ్లలా ఉబ్బాయి. నలుగురు కలిసి బిగించిన రెక్క బందుల్లోంచి పైకి లేచి, గొలుసుకు వేలాడుతూ పక్కకు జరిగింది. గొలుసు తెగలేదు, తాళం కదల్లేదు. నాయనమ్మను పసిపిల్లలా ఎత్తుకుని రోడ్డు మీద ఆటో దాకా తెచ్చి నా ఒళ్లో పడుకోబెట్టాడు. బాపు ఎక్కాడు. చిన్నాయన ఎక్కలేదు.

"నువ్వు రావా?" అన్నాను.

"మీరు పోండ్రి బిడ్డ. నేను గేటు మల్ల పెట్టాలె."

కన్నతల్లి అలా ఉంటే గేటేమిటని దవాఖాన దాకా ఏడుస్తూ ఆయన్ను తిట్టుకున్నాను.

తర్వాత జరిగింది చిన్నాయన భార్య, మా చిన్నమ్మ చెప్పింది. రెక్కను మళ్లీ బందుల్లో కూర్చోబెట్టి, కేసైతే తన ఒక్కడి మీదే కావాలని కుర్రవాళ్లను ఇళ్లకు పంపేసి, ఎండలో ఒక్కడే గేటు ముందు కూర్చున్నాడట. యజమాని పోలీసులను వెంటబెట్టుకుని వచ్చాడు.

"నేనే తీసిన సార్. మా అవ్వకు దమ్ము ఆడలే. మల్ల ఎట్లున్నది గట్లనే పెట్టిన. మీ కెమెరాల చూసుకోండ్రి" అన్నాడట చిన్నాయన.

యజమాని ఫోన్‌లో చూశాడు. పోలీసాయన కూడా వంగి చూసి, "దీనికి కేసేం రాయాలె సార్?" అన్నాడు. యజమాని ఫోన్ జేబులో పెట్టుకుని అడిగాడు: "మీ అమ్మకు ఎట్లున్నది?" అప్పుడు చిన్నాయన మొహం కప్పుకుని ఏడ్చాడట. అప్పటికి నాయనమ్మ ఎలా ఉందో ఆయనకూ తెలియదు.

నాయనమ్మ బతికింది. మరునాడు యజమాని మాకొక తాళంచెవి పంపించాడు. ఇంట్లో అందరం సంబరపడ్డాం. చిన్నాయన దాన్ని తీసుకుని, "తాళంచెవి ఇచ్చిండు. తొవ్వ ఇయ్యలే" అన్నాడు. ఆ తొవ్వ కోసం ఎండకూ వానకూ మండలాఫీసుకు తిరిగాడు, ఎక్కడా గొంతు పెంచకుండా. సర్వే చేసి అది అందరి తొవ్వేనని రాసిచ్చేసరికి నాయనమ్మ లేదు, రెండిళ్లు ఖాళీ అయ్యాయి, చిన్నాయన బరువులెత్తడం మానేశాడు.

ఆ మధ్యాహ్నం ఆయనకున్న వయసుకు నేనిప్పుడు దగ్గర పడుతున్నాను. తల్లి వెంట పరుగెత్తాల్సిన కాళ్లను మడిచి ఎండలో కూర్చోవడానికి ఎంత బలం కావాలో ఇప్పుడిప్పుడే తెలుస్తోంది.