అయిదు సీసాల్లో ఒకే నీరు

తప్పు చేసినవాడికి నిద్ర పట్టదని మంచివాళ్లు చెబుతుంటారు. అదేం లేదు. సీసాల బాబాయ్ మూడేళ్లు హాయిగా నిద్రపోయాడు. అతనికి సిగ్గు తెలియడానికి మరొకరి సంతోషం కావలసి వచ్చింది.

అతను సముద్ర పరిశోధన కేంద్రంలో నీళ్లు పట్టేవాడు. ఉద్యోగం పేరు కాగితం మీద బారెడుండేది, పని మాత్రం అదే. ప్రతి సోమవారం పొద్దున పడవలో అఖాతంలోకి వెళ్లి, పటంలో గుర్తుపెట్టిన అయిదు చోట్ల ఆగాలి. మొదటిది రేవుకు కూతవేటు దూరం. అయిదోది అఖాతం మూతి దగ్గర, అలలు పడవను ఎత్తి కుదేసే చోట. ప్రతిచోటా తాడుకు కట్టిన గొట్టాన్ని రెండు బారల లోతుకు దించి, లాగి, నీళ్లు సీసాలో పోసి, నాలుగు చుక్కలు అయోడిన్ వేయాలి. నీళ్లు పలచటి టీ రంగుకు తిరుగుతాయి. అందులోని ప్రాణులు ఉన్నవి ఉన్నట్టు నిలిచిపోతాయి. సీసా మీద చోటు అంకె, తేదీ, వేళ రాయాలి.

ఆ ప్రాణులు కంటికి ఆనని మొక్కలు. చదువుకున్నవాళ్లు వృక్షప్లవకాలంటారు, రేవులో వాళ్లు రంగునీళ్లంటారు. ఎండా, నీటిలో సారమూ కుదిరితే కొద్ది రోజుల్లోనే లెక్కకు అందనంతగా పెరిగి సముద్రానికి రంగు పూస్తాయి. అయితే అంతటా సమానంగా పూయవు. గాలి వాటిని ఒకచోటికి నెడుతుంది, ఆటుపోటు ముక్కలు చేస్తుంది, వాటిని తినే పురుగులు ఒక మూల నుంచి మేసుకొస్తాయి. ఇక్కడ ముంచిన చెంబులో లక్షలుంటే, ఇరవై బారల అవతల ముంచిన చెంబులో వందలు కూడా ఉండకపోవచ్చు. బాబాయ్‌కి ఈ సంగతి ఏ పుస్తకమూ చెప్పనక్కర్లేదు. గడప దాటినట్టు పడవ పచ్చనీళ్లలోంచి తేటనీళ్లలోకి, అక్కణ్నుంచి గోధుమరంగులోకి దాటడం పదేళ్లు కళ్లారా చూశాడు. ఉతుకులో పక్క బట్టల రంగంటిన చొక్కాలా అఖాతమంతా మచ్చలే.

తెలిసే చేశాడు. అదీ అసలు విషయం.

ఉద్యోగంలో పదేళ్లు నిండాక, మొదటిసారి అలా చేసిన రోజు గాలి ఎక్కువగా ఉంది. పడవ నడిపేది సొంత బావమరిదే.

"బావా, మూతి దాకా వెళ్తే నీ నడుమూ నా ఇంజనూ రెండూ ఊడతాయి. ఇక్కడే అయిదూ పట్టెయ్."

"అక్కడివని ఎలా రాస్తాన్రా?"

"పెన్నుతో. నీళ్లేమన్నా నోరు తెరిచి మా ఇల్లు ఫలానా చోటని చెబుతాయా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. అయిదు సీసాలూ మొదటి చోటే నిండాయి. వేళలు మాత్రం బాబాయ్ శ్రద్ధగా వేశాడు. సీసాకూ సీసాకూ మధ్య ఇరవై అయిదు నిమిషాలు. నాలుగోదానికి ఇంకో పది కలిపాడు, నిజంలా ఉండాలని. ఎవరూ ఏమీ అడగలేదు. తర్వాత గాలి లేని రోజుల్లోనూ అదే అలవాటైంది. బావమరిది సెలవు పెట్టి వేరే డ్రైవరు వచ్చినప్పుడు మాత్రం అయిదు చోట్లకూ బుద్ధిగా వెళ్లేవాడు. బయటివాడి ముందు పరువు ఒకటుంటుంది కదా.

సీసాలు లెక్కల మేడమ్ దగ్గరికి వెళ్లేవి. సూక్ష్మదర్శినిలో ఒక కన్ను పెట్టి, చేతిలో మీట టకటకా నొక్కుతూ రోజంతా లెక్కపెడుతుంది కాబట్టి ఆమెకా పేరు. ఆ మచ్చలు ఎంత పెద్దవి, ఎంతకాలం నిలుస్తాయి అన్నదే ఆమె పరిశోధన. పడవెక్కితే కడుపు తిప్పుతుంది. ఆమె గది కిటికీలోంచి రేవు గోడే తప్ప నీళ్లు కనిపించవు. ఆమెకు సముద్రమంటే బాబాయ్ తెచ్చే అయిదు సీసాలే.

ఒకరోజు ఆమె అతన్ని కేకేసి కుర్చీలో కూర్చోబెట్టింది.

"బాబాయ్, మన అఖాతంలో మచ్చల్లేవు!"

"లేవా?"

"మూడేళ్లుగా అయిదు చోట్లా ఒకటే లెక్క. నేను చదివినంతలో ఇలా ఎక్కడా లేదు. రెండు పోట్లు ఎదురెదురుగా వచ్చి నీళ్లని గిలక్కొడుతున్నాయని రాశాను. వచ్చే ఆదివారం సదస్సులో చెబుతున్నా."

సదస్సు కోసం అచ్చువేయించి గోడకు ఆనించిన పెద్ద పటం చూపించింది. అట్టడుగున అతని పేరు. మూడేళ్లు ఒక్క వారమూ తప్పకుండా నీళ్లు పట్టిన ఆయనకు కృతజ్ఞతలు.

"పదకొండు వారాలే పిచ్చిగా వచ్చాయి," అందామె. "ఒకదాంట్లో లక్ష, పక్కదాంట్లో నూరు. ఆ రోజుల్లో సీసాలు సరిగా కడగలేదేమో నువ్వు. ఫర్వాలేదులే, మనిషన్నాక పొరపాటు. వాటిని తీసేశాను."

పదకొండు తేదీలూ చదివి వినిపించింది. పదకొండూ వేరే డ్రైవరు వచ్చిన సోమవారాలే. నిజం పట్టుకొచ్చిన రోజులకు క్షమ దొరికింది, మిగతావాటికి పేరు అచ్చయింది.

ఇంట్లో భార్య సంబరపడింది. "పెళ్లి పత్రిక తర్వాత మళ్లీ ఇప్పుడే మీ పేరు అచ్చులో పడటం." కంచం ముందు అతను కదలకపోతే తనే అంది, "పొగిడితే ముద్ద దిగని మనిషిని ఇప్పుడే చూస్తున్నా."

బావమరిది తేల్చేశాడు. "నోరు మూసుకో బావా. ఆవిడ సంతోషంగా ఉంది, నువ్వూ ఉండు. ఎవరికేం నష్టం?"

సదస్సులో ఎవరో చెయ్యెత్తి నీళ్లు పట్టిందెవరని అడిగితే, ఆమె గర్వంగా బాబాయ్ పేరు చెప్పడం అతని కళ్లకు కట్టింది.

శుక్రవారం మధ్యాహ్నం లెక్కల మేడమ్ గదికి వెళ్లాడు. ఆమె పటాన్ని చుట్టి రబ్బరు బాండు వేస్తోంది.

"అమ్మా, ఆ పదకొండూ..."

"వదిలెయ్ బాబాయ్, ఇంకా అదే పట్టుకున్నావా?"

"అవే సరిగా పట్టినవి."

"మరి మిగతావి?"

"అన్నీ రేవు దగ్గరే. అయిదూ ఒక్కచోటే ముంచాను."

ఆమె నవ్వబోయి ఆగింది. "వేళలు?"

"ఊహించి వేశాను."

"నాలుగో చోటుకి ప్రతిసారీ పది నిమిషాల ఆలస్యం..."

"అదీ నేనే."

"ఆ ఆలస్యాన్ని బట్టే అక్కడ ఎదురుపోటు ఉందని లెక్కగట్టాను," అందామె మెల్లగా. చేతిలో చుట్టిన పటం ఉన్న సంగతి మరిచిపోయి దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తిట్టినా బాగుండేది. ఆమె ఫోను తీసి సదస్సుకు రావడం లేదని చెబుతుంటే, బయటికి పోవాలో ఉండాలో తెలియక బాబాయ్ తలుపు పక్కన నిలబడ్డాడు. కారణం అడిగారేమో, "లెక్క నాదే తప్పింది" అంది. అతని పేరు ఎత్తలేదు. ఆ దయ అతనికి చెంపదెబ్బలా తగిలింది.

సోమవారం ఆమె కూడా పడవెక్కింది. బావమరిది కిక్కురుమనకుండా ఇంజను పట్టుకున్నాడు. రెండో చోటుకే ఆమె పడవ అంచున వంగి వాంతి చేసుకుంది. మొహం కడుక్కుని తలెత్తేసరికి ముందు నీళ్లు రెండు రంగులుగా ఉన్నాయి. ఎవరో గీత గీసినట్టు ఇటు పచ్చ, అటు తేట. మూడేళ్లుగా లేదని నిరూపిస్తూ వచ్చినదాన్ని ఆమె మొదటిసారి కళ్లతో చూసింది.

"ఎప్పుడూ ఇలాగే ఉంటుందా?"

"ఇలాగే ఉంటుందమ్మా."

"ఎప్పట్నుంచి చూస్తున్నావు?"

బాబాయ్ గొట్టం తాడు విప్పుతూ ఉండిపోయాడు. అది ముడిపడి లేదు. అయినా విప్పుతూనే ఉన్నాడు.

"పదమూడేళ్లుగా," అన్నాడు చివరికి, తాడుతో చెబుతున్నట్టు.