వేలికి అందని బటన్

ఆ సాఫ్ట్‌వేర్‌ను మూసేయాలని నిర్ణయించిన రోజు డైరీలో అరపేజీ రాశాను. దాన్ని తయారుచేసింది భూపాలపల్లిలో ఉద్యోగం చేస్తున్నప్పుడు. ఆఫీసు కంప్యూటర్ విభాగంలో నేను, నా దగ్గర పనిచేసే ఒకమ్మాయి కలిసి రాశాం. అది వెబ్‌సైట్‌ను తనంతట తానే తెరిచి, గడులు నింపి, బటన్లు నొక్కి చూస్తుంది. అన్నీ పనిచేస్తే పచ్చగా, లేకుంటే ఎర్రగా చూపుతుంది. కోడ్ అందరికీ కనిపించేలా ఇంటర్నెట్‌లో పెట్టాం. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

రిటైరై జనగామ వచ్చాక కూడా దాన్ని వదల్లేదు. నాతో కలిసి రాసిన ఆ అమ్మాయిది మహబూబాబాద్ దగ్గరి తండా. ఇప్పుడు మహబూబాబాద్‌లోనే కాలేజీలో పాఠాలు చెబుతోంది. బ్రౌజర్లు నెలనెలా మారుతుంటే వాటి వెంట పరుగెత్తడం ఇద్దరివల్లా కాలేదు. నాకు చూపు తగ్గింది, ఆమెకు తీరిక లేదు. ఇంకా వాడుతున్న వాళ్లందరికీ మూసేస్తున్నామని, వేరేది చూసుకోమని చెప్పుకుంటూ వచ్చాను. చివరికి ఒక్కడే మిగిలాడు. భూపాలపల్లిలో ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో, రోగులు ఫోన్‌లోనే టోకెన్ తీసుకునే వెబ్ పేజీని చూసుకునే అతను.

"ఎందుకు బంద్ చేసుడు సార్? రోజు పొద్దుగాల పచ్చగనే చూపెడ్తది గదా. మంచిగున్నదాన్ని గిట్ల చంపుకుంటరా?" అన్నాడు ఫోన్‌లో.

ఆ మాట నాకు నచ్చింది. ఉన్నదున్నట్టు వదిలేద్దామని ఆమెతో అన్నాను.

"ఎవ్వరు చూసుకోని దాన్ని నమ్ముకొని ఆయన పేషెంట్లకు టోకెన్లు ఇస్తుండు. రేపు అది తప్పు చెప్తే ఎవరిని అడుగుతడు సార్? పోయి వేరేది పెట్టి వద్దాం, నడువుండ్రి" అంది.

హనుమకొండ బస్టాండులో కలుసుకుని, అక్కడి నుంచి ఇద్దరం ఒకే బస్సులో వెళ్లాం. ఆమె అతని కంప్యూటర్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించి, చిన్న ఫోన్‌లో కనిపించే పద్ధతిలో పేజీని పరీక్షించింది. ఎర్రగా వచ్చింది. మూడుసార్లూ ఎరుపే.

"కొత్తదానికి ఇంకా తెల్వదేమో" అన్నాను.

"నీ ఫోన్ జర ఇయ్యన్నా" అని ఆమె అతని చిన్న ఫోన్ తీసుకుని పేజీ తెరిచింది. సెలవుల ప్రకటన పట్టీ ఒకటి తెర కింద అతుక్కుని ఉంది. పెద్ద తెర మీద అడ్డం రాదు గాని, ఈ చిన్న తెర మీద టోకెన్ బటన్ దాని వెనక పడింది. ఎన్నిసార్లు నొక్కినా వేలు పట్టీకే తగులుతోంది.

"ఇది ఎప్పటిసంది ఉన్నదన్నా?"

"పోయిన వానకాలంల పెట్టినం."

మా సాఫ్ట్‌వేర్ ఎందుకు పచ్చగా చూపిందో నాకు వెంటనే అర్థమైంది. అది నొక్కుడును నేరుగా బటన్‌కే పంపుతుంది. మధ్యలో ఏదైనా అడ్డం ఉందా అని చూడదు. ఆ పరీక్ష కూడా ఉంటే నెమ్మదిస్తుందని తీసేయించింది నేనే. ఆమె అప్పుడే తీయొద్దంది. నేను వినలేదు.

అతను ఫోన్ తీసుకుని బటన్‌ను తనే ఒకసారి నొక్కి చూశాడు.

"టోకెన్ లేకుంట వచ్చినోళ్లను నేనే వాపస్ పంపిన సార్. ఫోన్ నొక్కుడు గూడ రాదా అని నవ్విన. కంప్యూటర్ల పచ్చగున్నది గదా అనుకున్న."

వాళ్ల పేర్లు ఎక్కడైనా రాసి ఉన్నాయా అని అడిగాను.

"టోకెనే లేనోళ్ల పేరు ఎవరు రాస్తరు సార్?"

రోజూ ఎవరు కలిశారో, ఏం మాట్లాడారో రాసుకోవడం నాకు చిన్నప్పటి అలవాటు. ఆ రోజు రాసుకోవడానికి వాళ్ల పేరు ఒక్కటీ దొరకలేదు.

పట్టీని అతను అప్పుడే తీయించాడు. బయట బెంచీ మీద కూర్చుని, ముందే రాసిపెట్టుకున్న ముగింపు ప్రకటనను నా ఫోన్‌లో తెరిచాను. అందులో వాడినవాళ్లకు, సాయం చేసినవాళ్లకు కృతజ్ఞతలు తప్ప మరేమీ లేదు. దాని కింద రాశాను: "మా సాఫ్ట్‌వేర్ బాగుందన్న ప్రతి పేజీనీ చిన్న ఫోన్‌లో చేత్తో ఒకసారి నొక్కి చూడండి. అడ్డం ఉన్న బటన్‌ను కూడా అది బాగుందనే చెప్పింది. ఆ తప్పు నాది."

ఆమె చదివింది. "గిది పైన పెట్టుండ్రి సార్. కృతజ్ఞతలు తర్వాత. అయినా మీ ఒక్కరిదే అంటరేంది? ఇద్దరం చేసినం."

"వద్దన్నది నువ్వు. విననిది నేను."

ఆ వాక్యాలను పైకి జరిపి, ప్రకటన పెట్టి, ఇక ఎవరూ మార్చలేకుండా కోడ్‌కు తాళం వేశాను.