తెల్వని ఇంట్ల పోసిన ఒడిబియ్యం

నాకు ఒక మంచి గుణం ఉన్నది. ఎదుటి మనిషి మనసు నొప్పియ్యను. దావత్‌ల ఎవరన్నా ఎదురొచ్చి, భుజం మీద చెయ్యేసి, "ఏం, గుర్తుపట్టినవా?" అని అడుగుతరు చూడండి. గుర్తు లేకున్నా సరే, "నిన్ను గుర్తుపట్టకుండ ఎట్లుంట!" అంట. పాపం, వాళ్ళ మొహం వెలిగిపోతది. ఇది దానధర్మం కిందికే వస్తదని నా నమ్మకం. మా ఇంటామె సులోచన మాత్రం దీన్ని అబద్ధం అంటది. బడిల పిల్లలకు లెక్కలు చెప్పి చెప్పి ఆమెకు మనుషుల్ని కూడ రైటు, తప్పు అని టిక్కు పెట్టే అలవాటైంది.

మొన్న ఈ మంచి గుణం నన్ను ఏడిదాక తీసుకపోయిందో చూడండి. ముక్కూ మొహం తెల్వని ఇంటికి పోయి, ముక్కూ మొహం తెల్వని ఆడబిడ్డకు, పుట్టింటి అన్న లెక్క ఒడిబియ్యం పోసి వచ్చిన!

నవ్వకుండ్రి. మొదటి నుంచి చెప్త.

మేమిద్దరం ఒకే ఏడు రిటైర్ అయినం. ఆమె బడి నుంచి, నేను తాసీల్ ఆఫీసు నుంచి. వనపర్తిల మా ఇంట్ల చాయ్ ముందట పెట్టుకొని పెద్ద ప్లానే ఏసినం. కాశీ పోవాలె. ఆమె మిద్దె మీద పూలచెట్లు పెట్టాలె. నేను పిల్లనగ్రోవి నేర్చుకోవాలె. పూలచెట్లు పెట్టింది, కోతులు వచ్చి మొగ్గలు కూడ మిగల్చలే. నేను పిల్లనగ్రోవి కొన్న. ఊదితే గాలొచ్చింది, పాట రాలే. పక్కింటాయన గోడ మీదికెళ్ళి తొంగిచూసి, "సార్, మీ కుక్కర్ విజిల్ ఖరాబైనట్లున్నది, జర చూపించుకోండ్రి" అన్నడు. ఆ హాబీ ఆ పూటతోనే సరి.

ఇంక కాశీ. బ్యాగు సర్దినప్పుడల్లా ఒక కార్డు వచ్చేది. పెండ్లి, పురుడు, గృహప్రవేశం, పిలగాండ్ల ధోతుల ఫంక్షన్. నౌకరీ ఉన్నప్పుడు "లీవ్ దొరకలే" అని తప్పించుకునేటోళ్ళం. ఇప్పుడు ఆ బహానా కూడ పాయె. "రిటైరైన్రు కదా, మీకేం పని, రెండు రోజులు ముందే రండ్రి" అని పిలుస్తరు. అట్ల ఏడాది పొడుగునా మా యాత్రలన్నీ ఒక ఫంక్షన్ హాల్ నుంచి ఇంకో ఫంక్షన్ హాల్‌కే. ఏ పుణ్యక్షేత్రానికి పోయినా అదే బగారన్నం, అదే పెరుగు చట్నీ.

గట్లనే నాగర్‌కర్నూల్‌ల ఒక పెండ్లికి పోయినం. నేను ప్లేటు పట్టుకొని లైన్ల నిలబడ్డ. వెనుకకెళ్ళి "బావా!" అని ఒక కేక. తిరిగి చూస్తే తెల్ల ధోతి, పెద్ద మీసాలు, ఆరడుగుల మనిషి.

"గుర్తుపట్టినవా?"

ఆయన్ని పుట్టి బుద్ధెరిగి చూడలే. "నిన్ను గుర్తుపట్టకుండ ఎట్లుంట బావా!" అన్న.

"నేను కూడ గంతే. ఒక్కసారి చూసిన మొహం మరువ!" అని గట్టిగ వాటేసుకున్నడు. నా ప్లేట్లున్న వంకాయ కూర ఆయన అంగికి అంటింది. అయినా ఇడువలే. దగ్గరోళ్ళే ఉంటరు అనుకున్న.

అటెన్క గొంతు తగ్గించి అన్నడు. "మీ చెల్లె సంగతి నీకు ఎర్కనే కదా బావా. తల్లి పాయె, తండ్రి పాయె. ఒక్క అన్న ఉండె, ఆయన కూడ పాయె. ఏండ్లు గడిసిపోయినయి పుట్టింటి బియ్యం ఒడిల పడక. ఇంట్ల మనుమరాలి పెండ్లి ముందలకొచ్చింది. ఊర్ల ఆడోళ్ళు, 'ఏంది లచ్చమ్మా, నీకు పుట్టిల్లు లేనే లేదా' అంటుండ్రు. పైకి ఏమనది. పొయ్యి ముందట కూసొని, పొగ వస్తున్నదని కండ్లు తుడుసుకుంటది. గ్యాసు పొయ్యికి పొగేంది బావా?"

ఆయన కండ్లల్ల నీళ్ళు. నా చేతిల ప్లేటు. గట్లాంటి టైముల "ఇంతకూ తమరెవరు?" అని ఎట్ల అడుగుత, మీరే చెప్పండి!

"నేను లేనా బావా! నా చెల్లెకు నేను పొయ్యకుంటే ఇంకెవరు పోస్తరు?" అన్న. అనుడు అయిపోయినంక నోరు మూసుకున్న.

"శుక్రవారం. మనింట్లనే."

"మనింట్లనే కదా. వచ్చినట్లే అనుకో."

ఫోన్ నంబరు తీసుకొని మిస్డ్ కాల్ ఇచ్చిండు. పేరేమని సేవ్ చేసుకోవాలె? "బావ" అని పెట్టుకున్న. నా ఫోన్‌ల బావలకు కొదువ లేదు, వాళ్ళల్ల ఈయనొకడు.

బస్సుల సులోచనకు చెప్పిన. ఆడోళ్ళకు టికెట్ ఫ్రీ కాబట్టి ఆమె నిమ్మళంగ కిటికీ పక్కన కూసున్నది. నేను పైసలు కట్టి నిలబడ్డ.

"ఎవరాయన?"

"మనోళ్ళే."

"మనోళ్ళంటే మీ దిక్కా, మా దిక్కా?"

"బావా అన్నడు."

"మొన్న బజార్ల అరటిపండ్లాయన గూడ బావా అన్నడు. ఏ ఊరు?"

"మనూరే."

"మనూరు వనపర్తి. వనపర్తిల ఏ గల్లీ?"

నేను పైన కడ్డీ గట్టిగ పట్టుకున్న.

"ఫోన్ చేసి అడుగుండ్రి, మీరెవరని."

"కండ్లనీళ్ళు పెట్టుకున్న మనిషిని పట్టుకొని నువ్వెవరివి అంటారా ఎవరన్నా? పరువేం కావాలె?"

"అయితే పోకుండ్రి. ఏదో జ్వరమని చెప్పుండ్రి." అని మొహం కిటికీ దిక్కు తిప్పుకున్నది. జర సేపైనంక, బయటకే చూసుకుంట, "పిలిచిన ఆడోళ్ళంతా వచ్చి కూసుంటరు. ఆమె పీట మీద కూసొని దర్వాజ దిక్కు చూస్తది. పోకుంటే ఎట్ల?" అన్నది.

అంటే, పోవాలె. కానీ ఏడికి?

మర్నాడు నేను తెలివిగ ఫోన్ చేసిన. "బావా, జర లొకేషన్ పంపు."

ఆయన ఫకాల్న నవ్విండు. "మనూరికి నీకు లొకేషనేంది బావా! కండ్లు మూసుకొని వస్తవు!"

కండ్లు తెరుసుకొని పోతందుకే దారి తెల్వదు, మూసుకొని ఏడికి పోవాలె! అప్పుడే నాకు ఇంకో తెలివి పుట్టింది. ఒక తెలివి తక్కువైనప్పుడు ఇంకోటి పుడుతది నాకు. అదే నా ఖర్మ.

"నాకెందుకు బావా లొకేషన్! కారుకు డ్రైవర్ కొత్తోడు. పిలగానికి జర దారి చెప్పు, ఇస్తున్న మాట్లాడు" అన్న. అని, తువ్వాల ముక్కు మీద పెట్టుకొని, గొంతు మార్చి, "నమస్తే సార్, డ్రైవర్ని మాట్లాడుతున్న" అన్న. సులోచన కూరగాయల కత్తి కిందపెట్టి నన్నే చూసింది.

ఆయన బంగారమసొంటి మనిషి. గద్వాల నుంచి ధరూర్ దిక్కు ఎట్ల రావాలె, ఏ మలుపు కాడ తిరగాలె, నీళ్ళ ట్యాంకు దాటినంక ఎడమ దిక్కు నీలం గేటు, అన్నీ చెప్పిండు. ఆఖరికి, "తమ్మీ, మా బావ పెద్దమనిషి, గతుకుల మీద జర నిమ్మళంగ తోలు. నువ్వు గూడ మనింట్లనే తినాలె" అన్నడు.

"సరే సార్" అన్న ముక్కులకెళ్ళి.

ఊరు దొరికింది! నేను మీసం తిప్పుకున్న. సులోచన కత్తి మళ్ళ చేతిల పట్టుకొని, "ఊరైతే దొరికింది. కారు ఏడ దొరుకుతది?" అన్నది.

అది నేను సోంచాయించలే.

శుక్రవారం పొద్దుగాల సులోచన బియ్యంల పసుపు, నెయ్యి కలిపి, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు, పసుపుకొమ్ములు అన్నీ సంచిల పెట్టింది. అబద్ధానికి పోతున్నమని ఒక్క కుడుక గూడ తగ్గియ్యలే. గద్వాలల దిగి చీర కొన్నది. నూలు ఒళ్ళు, పట్టు అంచు, చిలుకపచ్చ రంగు. "ఆమె రంగు తెల్వదు, ఎత్తు తెల్వదు, పచ్చ ఎవరికైనా నప్పుతది" అని తనలో తానే అనుకుంటుండె. నిజంగ తన ఆడబిడ్డకు కొన్నప్పుడు గూడ గంత సేపు ఏరలే.

ఆటోల ధరూర్ దిక్కు పోయినం. నీళ్ళ ట్యాంకు కనపడంగనే నేను ఆపమన్న. ఆటోల దిగితే కారు ఇజ్జత్ పోతది కదా! బియ్యం సంచి భుజానికెత్తుకున్న. రోడ్డుకు రెండు దిక్కుల పత్తి చేన్లు, నెత్తి మీద ఎండ, చాటుకు ఒక చెట్టన్నా లేదు. చెమటకు పసుపు తడిసి తెల్లంగి మీదికి కారింది. నీలం గేటు చేరేసరికి ఒక భుజం తెలుపు, ఒక భుజం పసుపు.

"బావా, వచ్చినవా!" అని ఎదురొచ్చిండు పెద్దమనిషి. "కారేది?"

"డీజిల్ పోయించుకొస్తనని పోయిండు డ్రైవర్."

"అంగి మీద పసుపేంది?"

"శుభకార్యం కదా బావా."

లోపల చాపల మీద ఆడోళ్ళు నిండుగ కూసున్నరు. ఆయన అందరికి వినపడేటట్లు, "గోపాల్‌పేట మా బావ! మా ఆమెకు అన్న!" అని చెప్పిండు. ఆ ఊరికి నేను ఎప్పుడో ఎలక్షన్ డ్యూటీ మీద ఒక రాత్రి పోయిన, గంతే. గోపాల్‌పేటోని లెక్క తలూపిన.

నడుమ పీట మీద లచ్చమ్మ. నెరిసిన వెంట్రుకలు, నుదుటి మీద పెద్ద బొట్టు. నా దిక్కు చూసింది. మామూలుగ చూడలే. మొహంల మొహం పెట్టి, ఏదో తప్పిపోయిన సామాను ఎతుకుతున్నట్లు చూసింది. ఇప్పుడు ఈమె నోరు తెరిసి, ఇతనెవరు అంటే? అందరి ముందట నా పరువు ఒక పైస, ఆమె పరువు నూరు పైసలు పోతవి.

ఆమె కొంగు ముందుకు గుంజుకొని ఒడి పట్టింది.

సులోచన దోసిట్ల బియ్యం తీసి పోసింది. ఒక గింజ పీట మీద పడితే ఆ ముసలామె ఏరి ఒడిలేసుకున్నది. వెనుక కూసున్న ఒకామె, "లచ్చమ్మకు పుట్టింటోళ్ళు లేరంటిరి, గీళ్ళేడికెళ్ళి వచ్చిండ్రే?" అంటే, పక్కనామె, "ఉష్, గోపాల్‌పేటోళ్ళట, కారుల వచ్చిండ్రట" అన్నది. నేను చీర చేతిల పెట్టిన. లచ్చమ్మ వంగి నా కాళ్ళు మొక్కింది. అప్పుడు నాకొచ్చిన ఏడుపు మాత్రం ఏ తువ్వాలా అడ్డం పెట్టకుండ వచ్చిందే.

బువ్వ కాడ మళ్ళ మొదలైంది. "డ్రైవర్ ఏడి? ఇస్తరేసి పెట్టినం, పప్పు చల్లారుతున్నది."

"రాడు బావా, వాడు ఇంటి బువ్వ తినడు."

"నాతోని తింటనన్నడు కదా! మంచి పిలగాడు. ముక్కుల మాట్లాడుతడు గని, మర్యాద ఉన్నది. జర ఫోన్ చెయ్యి."

"వాని ఫోన్ ఖరాబైంది." సులోచన ఎక్కిళ్ళు పెట్టి నీళ్ళు తాగింది. అవి ఎక్కిళ్ళు కావని నాకొక్కనికే ఎర్క.

ఎట్లనో బయటపడ్డం. కారు ట్యాంకు కాడికి వస్తదని చెప్పి, సాగనంపొద్దని బతిమాలుకొని, గేటు దాటినం. జర దూరం పోయినంక వెనుక గాజుల చప్పుడు. కొత్త పచ్చచీర కట్టుకొని, చేతిల టిఫిన్ డబ్బా పట్టుకొని లచ్చమ్మ ఒక్కతే వస్తున్నది.

"డ్రైవర్‌కు కట్టిన పూర్ణం బచ్చాలు" అని డబ్బా సులోచన చేతికిచ్చింది. ఇచ్చి, నన్ను చూసి, "అన్నా, మీరు ఆటో దిగి నడుసుకుంట వచ్చుడు మిద్దె మీదికెళ్ళి చూసిన. కారు లేదు, డ్రైవరూ లేడు" అన్నది.

నేను పత్తిచేను దిక్కు చూసిన. పంట బాగున్నది.

"ఇంకో మాట. కోపం చేసుకోకు. గోపాల్‌పేటల మాకు చుట్టాలే లేరు. నువ్వు మావోనివి కావు. మా ఆయన సంగతి నాకు తెల్వదా? ఎవరి మొహమూ గుర్తుండదు, గుర్తులేదని సచ్చినా ఒప్పుకోడు. ఏ పెండ్లిలనో ఎవర్నో పట్టుకున్నడు."

"మరి పీట మీదనే ఎందుకు అనలే అక్కా?" అని అడిగింది సులోచన.

"ఏమని అంటనమ్మా? మా అన్న ఉన్నప్పుడు బండి దిగకుండనే చీర చేతికిచ్చి పోయెటోడు. ఈయన ఎవరో ఏమో, ఎండల బియ్యం మోసుకొని నడిసొచ్చిండు. వచ్చినోన్ని పొమ్మంటనా?" అని నా పసుపు భుజం దిక్కు చూసి, "ఇంతకూ నువ్వెవరివన్నా?" అన్నది. మంచిగ, నవ్వుకుంట అడిగింది.

సులోచన నా మోచేయి గిల్లింది. చెప్పేసేయండ్రి అని. నిజమే, ఇంతకంటె మంచి మోక ఏడ దొరుకుతది? నాకూ మీరెవరో తెల్వదమ్మా, నోరు జారిన, అంటే అయిపోతది. నేను గొంతు సవరించుకున్న. నోరు తెరిసిన.

"ఏం మాట చెల్లే అది! నువ్వు గింత పిల్లగున్నప్పుడు నిన్ను చంకల ఎత్తుకొని తిప్పినోన్ని, నన్నే మరిసినవా?"

లచ్చమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకొని, నవ్వాపుకోలేక రోడ్డు మీదనే కూలబడ్డది.

గద్వాల బస్సుల సులోచన డ్రైవర్ బచ్చాలు నాకొక్కటి, తనకొక్కటి పెట్టింది. తినుకుంట, "ఆమె మీకంటె ఐదారేండ్లు పెద్దది. పుట్టకముందే ఎట్ల ఎత్తుకున్నరు?" అని అడిగింది. లెక్కల టీచరు కదా.

లచ్చమ్మ ఇప్పుడు తరుసుగ ఫోన్ చేస్తది. "అన్నా, మంచిగున్నవా?" అంటది, నవ్వుతది. మనుమరాలి పెండ్లికి తన పుట్టింటి దిక్కు నేనే పెద్దనట, ముందే రావాలెనట. కాశీ మళ్ళ ఆగింది. పెండ్లికే పోతం. ఆ పెండ్లిల వందమంది నన్ను పలకరిస్తరు. వాళ్ళల్ల ఒక్కనికన్నా, "మీరెవరో నాకు తెల్వదు" అని చెప్పాలని అద్దం ముందట నిలబడి రోజూ అనుకుంటున్న. అద్దం ముందట ఆ మాట వస్తున్నది. మనుషుల ముందట మాత్రం నాకు ఇంకా రాలే.